కడపలో దిగి, ఓర్వకల్లులో ఎక్కి: సీమలో విమాన యాత్ర

విజయవాడ నుంచి కడపకు బస్సులో వెళ్లాలంటే ఒక రాత్రి పోతుంది. రైలుకైతే నేరు దారి లేదు, చుట్టు తిరిగి రావాలి. గన్నవరంలో చిన్న ఏటీఆర్ విమానం ఎక్కితే మాత్రం గంట అటూ ఇటుగా కడపలో దిగుతాం. ఈసారి కుటుంబంతో అలాగే వెళ్లాం. కడపలో దిగి ఒంటిమిట్ట, గండికోట, బెలుం చూసుకుని, ఓర్వకల్లులో ఉన్న కర్నూలు విమానాశ్రయం నుంచి తిరిగి విజయవాడ వచ్చేశాం. పిల్లలతో, పెద్దవాళ్లతో సీమ చూడాలనుకునే కోస్తావాళ్లకు ఇంతకంటే సుఖమైన దారి నాకు కనబడలేదు. అయితే విమానం దిగాక కథ వేరు.

ముందు విమానం సంగతి. ఏటీఆర్‌లో రెక్కలు కిటికీలకు పైన ఉంటాయి కాబట్టి కింద నేల బాగా కనిపిస్తుంది. పగటి విమానమైతే కిటికీ సీటు తీసుకోండి. నల్లమల, వెలిగొండ అంచులు దాటాక పచ్చదనం పలచబడి ఎర్రనేల, బండరాళ్ల గుట్టలు మొదలవుతాయి. దిగేటప్పుడు వెనక తలుపు నుంచి మెట్ల మీదుగా రన్‌వే పక్కకు దిగి, నడుచుకుంటూ టెర్మినల్‌లోకి వెళ్లడమే. బయటికి రావడానికి పెద్దగా టైం పట్టదు. టికెట్ ధర స్లీపర్ బస్సుకు రెండింతలు దాటింది కానీ, మా అమ్మ నడుము నొప్పి లేకుండా దిగింది. నాకు అది చాలు.

ఈ సీటు వెనక ప్రభుత్వ సొమ్ము చాలా ఉంది. చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ మొదటి విమానాలు ఎగిరింది 2017 ఏప్రిల్ 27న. ప్రధాని సిమ్లాలో జెండా ఊపిన ఆ రోజు మొదలైన మార్గాల్లో కడప-హైదరాబాద్ ఒకటి. అప్పటి నియమం ప్రకారం విమాన కంపెనీ గంట ప్రయాణానికి 2,500 రూపాయలు మించకుండా విమానంలో కొన్ని సీట్లు ఇవ్వాలి, అందువల్ల కంపెనీకి తగ్గిన మొత్తాన్ని మూడేళ్లపాటు ప్రభుత్వం భర్తీ చేయాలి. అందులో 80 శాతం కేంద్రం వైపు నిధి నుంచి, 20 శాతం రాష్ట్రం నుంచి. ఆ నిధి కోసం పెద్ద రూట్ల విమానాల మీద లెవీ (అదనపు రుసుము) వేశారు. రాష్ట్రం తన వంతుగా విమాన ఇంధనం మీద వ్యాట్‌ను 1 శాతానికి తగ్గించాలి, పోలీసు, ఫైర్ సేవలు ఉచితంగా ఇవ్వాలి.

ఆ మూడేళ్లు అయ్యాక ఏమిటన్నదే అసలు ప్రశ్న. ఉడాన్ మూడో విడత వరకు ఇచ్చిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదని, మూడేళ్ల తర్వాత కూడా నడుస్తున్నవి 54 మాత్రమేనని ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ 2023లో తేల్చింది. ఉడాన్ కింద కడపకు మొదట విమానం నడిపిన ట్రూజెట్ కంపెనీ 2022లో ఆగిపోయింది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం నష్టం భర్తీకి ఒప్పుకున్నాకే ఇండిగో వచ్చి విజయవాడ, చెన్నై లాంటి ఊళ్లకు నడపడం మొదలుపెట్టింది. అంటే మనం కూర్చున్న సీటుకు కడప రైతు, విజయవాడ ఆటో డ్రైవరు కూడా తలా కొంత కట్టారు. ఆ డబ్బు తిరిగి ఊరికి చేరుతోందా అని నేను దారిపొడవునా చూస్తూ వచ్చాను.

మేం కడపలో దిగిన వేళకు బయట బస్సు ఏదీ లేదు, కార్లు మాత్రమే ఉన్నాయి. ఊళ్లోకి దూరం తక్కువే, మాట్లాడుకుని వెళ్లిపోయాం. నిజానికి ఈ విమానాశ్రయం ఎర్రగుంట్ల వైపు ఉంది, గండికోట దారి కూడా అటే. దిగినవాళ్లను నేరుగా జమ్మలమడుగు, గండికోటకు చేర్చే ఒక చిన్న బస్సు విమానం టైంకి ఉంటే చాలు. అది లేక గండికోటకు కారు మాట్లాడుకుంటే, రానూ పోనూ ఒక విమాన టికెట్‌ను మించిపోతోంది. ఒంటరిగానో, జంటగానో వచ్చేవాళ్లు అక్కడే వెనకాడతారు. విమాన సీట్ల కోసం కోట్లు ఇచ్చే ప్రభుత్వం ఆ కాస్త రోడ్డు దూరాన్ని వదిలేయకూడదు.

కడపలో బస ఏడు రోడ్ల చుట్టుపక్కల చూసుకోండి. గదులు మామూలువే, శుభ్రంగా ఉన్నాయి. పొద్దున్నే కారం దోసె తప్పకుండా తినాలి. పెనం మీదే ఎర్రటి ఉల్లికారం పూసి, పైన పప్పుల పొడి చల్లి మడిచి ఇస్తారు. పిల్లలకైతే కారం తగ్గించమని ముందే చెప్పండి. ఒంటిమిట్టకు కారు అక్కర్లేదు, రాజంపేట, తిరుపతి వైపు వెళ్లే బస్సులు తిరుగుతూనే ఉంటాయి. ఒకే శిలలో సీతారామలక్ష్మణులు, గర్భగుడిలో హనుమంతుడు కనిపించని కోదండరాముడు. మధ్యమండపం స్తంభాల దగ్గర కాసేపు కూర్చోండి, ఎండలో కూడా చల్లగా ఉంటుంది.

గండికోటకు మాత్రం ఒక రాత్రి ఇవ్వాల్సిందే. ఎర్రమల కొండను పెన్న కోసుకుంటూ పోయిన చోట, రెండు వైపులా ఎర్రటి రాతి పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడి ఉంటాయి. సాయంత్రం చూసి వెళ్లిపోతే సగమే చూసినట్టు. తెల్లవారి వెలుతురు ఎదుటి గోడ మీద పడుతుంటే చూడాలి. అంచు దగ్గర పిల్లల చెయ్యి వదలొద్దు. మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ నడిచి చూడొచ్చు. ప్రభుత్వ హరిత హోటల్ ఉంది, టెంట్ క్యాంపులూ ఉన్నాయి. మేం దిగిన ఒక క్యాంపులో బాత్రూం దూరం, రాత్రి దారికి లైటు లేదు. పెద్దవాళ్లు ఉంటే గది తీసుకోవడమే మేలు.

కోట ఊళ్లో భోజనం పెట్టే ఒకావిడను అడిగితే, "శని, ఆదివారాలే సార్ జనం. మిగతా దినాలు ఒకరో ఇద్దరో. సంగటి కావాలంటే ముందే చెప్పాల" అంది. చెప్పి చేయించుకున్నాం, రాగిసంగటి, నాటుకోడి పులుసు. మా ప్రయాణం ఖర్చులో ఆ ఊరి మనిషి చేతికి నేరుగా అందింది ఈ భోజనం డబ్బే. గండికోట అభివృద్ధికి కేంద్రం 2024లో 77.91 కోట్లు మంజూరు చేసింది. అందులో కొంతైనా ఈవిడ లాంటివాళ్లు వారం మధ్యలో కూడా పొయ్యి వెలిగించేలా ఖర్చు కావాలి. వారం మధ్యలో మనుషులు రావాలంటే మళ్లీ ఆ బస్సే కావాలి.

బెలుం గుహలు దారిలోనే. లోపల ఉక్క ఎక్కువ, నూలు బట్టలు వేసుకోండి, ఆయాసం ఉన్నవాళ్లు పాతాళగంగ దాకా దిగకండి. యాగంటి కూడా కలుపుకోవచ్చు.

ఓర్వకల్లు విమానాశ్రయాన్ని రాష్ట్ర ప్రభుత్వం కట్టింది, 2021 మార్చిలో తెరిచారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. విజయవాడ విమానం 2025 జూలైలో మొదలైంది. ఓర్వకల్లు, కడప దగ్గరి కొప్పర్తి పారిశ్రామిక నగరాలకు కేంద్రం 2024లో ఆమోదం తెలిపింది కాబట్టి రేపు వ్యాపారస్థులతో ఈ విమానాలు నిండవచ్చు. అప్పటిదాకా వీటిని నిలబెట్టాల్సింది మనలాంటి యాత్రికులే.

ఈ విమానాలు రోజూ ఉండవు, షెడ్యూళ్లు మారుతుంటాయి. అందుకే ముందు ఓర్వకల్లు నుంచి తిరుగు టికెట్ దొరికే రోజు చూసుకుని, ఆ తర్వాతే కడప టికెట్, గండికోట గది బుక్ చేసుకోండి. వీలైతే వారం మధ్యలో వెళ్లండి. సంగటికి ముందే చెప్పండి.