పాత డబుల్ బేస్ కొంటున్నారా? లోపలి చీటీని నమ్మి డబ్బు కట్టకండి

"టెస్టోరే, మిలాన్" అని లోపల చీటీ అంటించిన డబుల్ బేస్ ఎవరైనా మీకు అమ్మజూపితే, ఇది చదివాకే బేరానికి కూర్చోండి. డబుల్ బేస్ అంటే నిలబెట్టి వాయించే, వయొలిన్ లాంటి పెద్ద వాద్యం. టెస్టోరేలు ఇటలీలోని మిలాన్‌లో ఇలాంటి వాద్యాలు చేసిన పేరున్న పాత కుటుంబం. నేను ఎవరినీ అడక్కుండా కొన్నాను. పైగా రెండు నెలలు కనిపించినవాళ్లందరికీ గొప్పలు చెప్పుకున్నాను.

ఫొటోలు చూడగానే మనసు పారేసుకున్న మాట నిజం. నల్లబడ్డ వార్నిష్, బల్లపరుపుగా ఉన్న వెనక పలక, అరిగిన భుజాలు. ముందు పలకకి ఉండే ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి టార్చి వేస్తే పసుపెక్కిన చీటీ, దానిమీద ఇటాలియన్ పేరు, అచ్చులో "17", పక్కన చేత్తో రాసిన రెండంకెలు. కుడి మూలన చెవి ఆకారంలో గోధుమరంగు మరక. ఆ మరక చూసే సగం నమ్మేశానంటే నవ్వకండి.

అమ్మినతను మాటకారి మాత్రమే అయితే బతికిపోయేవాణ్ణి. అతనికి విషయం తెలుసు, అక్కడే నా కొంప మునిగింది. వెనక పలక అంచున పర్‌ఫ్లింగ్ లేదేమిటని అడిగాను. పర్‌ఫ్లింగ్ అంటే అంచు చుట్టూ గాడి తీసి పొదిగే సన్నటి చెక్క పట్టీ. నా బేస్‌కి ముందువైపు ఉంది, వెనక వట్టి గీత. "టెస్టోరేలు అంతేనండీ, వెనక గీత గీసి వదిలేసేవాళ్లు, స్క్రోల్ వెనకభాగం కూడా పూర్తిగా చెక్కేవాళ్లు కాదు" అన్నాడు. స్క్రోల్ అంటే మెడ చివర చుట్టలా చెక్కే తల. ఇంటికొచ్చి వెతికితే ఆ కుటుంబం గురించి అలాగే రాసుంది. పేరుమోసిన ఇటాలియన్ బేస్ విద్వాంసుడు బొట్టెసిని వాయించిన మూడు తీగల బేస్ కూడా 1716 నాటి టెస్టోరేగానే పేరుపడింది. అన్నీ కలిశాయి కదా అని మురిసిపోయాను. చౌకరకం బేస్‌లకీ వెనక గీతే గీస్తారు, వాటి స్క్రోల్ కూడా మొరటుగానే ఉంటుంది. ఆ ముక్క తట్టలేదు. వాద్యంలో లోపం కనబడ్డ ప్రతిచోటా అతని దగ్గర ఒక కథ సిద్ధంగా ఉంది.

తీగలు మారుస్తుంటే సౌండ్ పోస్ట్, అంటే లోపల రెండు పలకల మధ్య నిలబడే చిన్న కర్ర, పడిపోయింది. దాన్ని నిలబెట్టించడానికి వాద్యాలు బాగుచేసే ఒకావిడ దగ్గరికి తీసుకెళ్లాను. పోస్ట్ సంగతి పక్కనపెట్టి ఆవిడ దంతవైద్యులు వాడే చిన్న అద్దం, సన్నటి కెమెరా లోపలికి దింపి చాలాసేపు చూసింది. "దీన్ని టెస్టోరే అని మీకు ఎవరు చెప్పారండీ?" అంది.

పైపలక కింద నిలువునా ఉండే బేస్ బార్‌ని విడిగా చేసి అతికిస్తారు. నా దాంట్లో పలకను తొలిచేటప్పుడే ఆ మేర చెక్క వదిలేసి, దాన్నే బార్‌గా మలిచారు. మూలల్లో ఉండాల్సిన దిమ్మలు లేవు. దిమ్మలు లేనంత మాత్రాన ఏదీ తేలదు కానీ, బార్‌తో కలిపి చూస్తే చౌకరకం పనివైపే వేలు చూపిస్తాయట. నేను గట్టిగా నమ్ముకున్నది మెడ మీది అతుకు. పాత బేస్‌లకి అసలు స్క్రోల్ ఉంచి కొత్త మెడ అతకడం మామూలే, ఆ అతుకు ఉందంటే వయసున్నట్టే అని నా లెక్క. ఆవిడ దీపం పక్కనుంచి పట్టి చూపించింది. మేపుల్ చెక్కలోని మెరుపు చారలు ఆ గీత ఇటునుంచి అటు ఎక్కడా తెగకుండా పోతున్నాయి. రెండు ముక్కలైతే అలా ఎలా కలుస్తాయి? సూదిమొనతో గీసి, నలుపు నింపారు.

ఇక చీటీ. ఒక మూల లేస్తుంటే ఆవిడ మెల్లగా ఊడదీసి భూతద్దం కింద పెట్టింది. అక్షరాలే కాదు, కాగితం పసుపు కూడా చుక్కలు చుక్కలుగా ఉంది. ఆ చెవి మరకా చుక్కలే. ఇంట్లో ఉండే రంగుల ప్రింటర్ పని. దాని కింద చెక్క చుట్టుపక్కల ఉన్నంత నల్లగానే ఉంది. రెండొందలేళ్లు కాగితం కప్పిన చోటు పాలిపోయి ఉండాలి కదా.

మరి ఎవరు చేశారు? ఆవిడ అంచనా షోన్‌బాఖ్, ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని లూబీ. సరిహద్దు అవతల జర్మనీలోని మార్క్‌నోయ్‌కిర్షెన్‌లోనూ ఇదే పద్ధతి. ఒక ఇంట్లో స్క్రోల్, ఇంకో ఇంట్లో పలకలు చేస్తే, వ్యాపారి అన్నీ కూర్చి ప్రపంచమంతా పంపేవాడు. కాబట్టి ఒక్క మనిషి పేరు చెప్పడానికి లేదు. అమెరికాకి వెళ్లే సరుకు మీద దేశం పేరు ఉండాలని 1890లో చట్టం చేశారు, అందుకే చాలా వాటి మీద ముద్ర కనిపిస్తుంది. "చెకోస్లొవాకియా" అని ఉంటే 1918 తర్వాతదే. నా బేస్‌లో కింది దిమ్మ మీద రెండు వేళ్ల వెడల్పున చెక్క గీకేసి ఉంది. అక్కడ ఏముండేదో మీరే ఊహించుకోండి.

అతన్ని నిలదీశాను. "రసీదు చూసుకోండి సార్" అన్నాడు. చూశాను. "లేబుల్డ్ టెస్టోరే" అని ఉంది. అంటే ఆ పేరున్న చీటీ లోపల ఉందని చెప్పడమే, వాద్యం ఎవరిదో చెప్పినట్టు కాదు. "అట్రిబ్యూటెడ్ టు" అంటే ఫలానావారిది అయ్యుండొచ్చని అభిప్రాయం. "స్కూల్ ఆఫ్" అంటే ఆ తరహాది. "బై" అని రాసి సంతకం పెట్టమనండి, ఎంతమంది పెడతారో చూద్దాం. చెక్క వలయాలు లెక్కపెట్టిన రిపోర్టు చూపించినా అంతే. పలకలో కనిపించే చివరి వలయం ఏ ఏడాదిదో అది చెబుతుంది, చెట్టు కొట్టింది ఆ తర్వాతే. వాద్యం ఎప్పుడు చేశారో, ఎవరు చేశారో దానికి తెలీదు. ఆ రిపోర్టులోని ఫొటోకీ, ముందున్న బేస్‌కీ చారలు, పగుళ్లు కలుస్తున్నాయో లేదో కూడా చూసుకోండి.

బేస్ మోత బాగానే ఉంది, రోజూ వాయిస్తున్నాను. షోన్‌బాఖ్ వాద్యంగా, దాని ధరకి అమ్మితే సంతోషంగా కొనేవాణ్ణి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నిన్న అమ్మకానికి పెట్టిన ఇంకో బేస్ ఫొటో చూశాను. ఇది గుండ్రటి వెనక పలకది, వార్నిష్ ఎర్రగా ఉంది, ఏ రకంగానూ నా దాన్ని పోలదు. లోపల మాత్రం అదే చీటీ, కుడి మూలన అదే చెవి మరక.