ఉప్పుగాలిలో బయటి లైట్లు: ఏళ్ల తరబడి వాడాక

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున టిట్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానం మీద పడినప్పుడు ఇంటి బయటి వైరింగంతా ఊడిపోయింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన బాధ ముందు అది చిన్న నష్టమే. కానీ వరండా, మెట్లు, నూతి గట్టు, పెరడు అన్నింటికీ లైట్లు మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాల్సి వచ్చింది. అప్పుడు పెట్టించినవాటిలో ఏవి నిలిచాయో, ఏవి పోయాయో చెబితే సముద్రం దగ్గర ఇల్లున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

వైరింగ్‌కి వచ్చిన ఎలక్ట్రీషియన్ "యాభై వాట్ల ఫ్లడ్ లైట్లు రెండు కొట్టేస్తే చాలు బాబూ, పట్టపగల్లా ఉంటాది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఫ్లడ్ లైటు ఎత్తులో ఉండి ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో కొడుతుంది. దాని వెలుగు పడని గోడవార మరీ నల్లగా కనిపిస్తుంది. పాములు తిరిగే పెరళ్లు మావి, అవి పోయేదే ఆ గోడవార. పైగా మా అమ్మకి చూపు తగ్గింది, ఆమెకి కావలసింది మెట్టు అంచు కనిపించడం. అందుకే బల్బు కంటికి కనపడకూడదు, అడుగు పడే చోటు కనపడాలి అని ముందే గట్టిగా అనుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా నా మాట అదే.

వరండా దూలం లోపలి వైపు 9 వాట్ల ఎల్‌ఈడీ ఒకటి పెట్టించాను. మెట్ల పక్క గోడకి మోకాలి ఎత్తులో, కిందికి మాత్రమే వెలుగు పడే 3 వాట్లవి పెట్టించాను. నూతి దగ్గరా, పెరటి దారిలోనూ పైన టోపీ ఉన్న 5 వాట్లవి వేశాం. మెట్ల లైట్లే అన్నిటికన్నా మంచి ఖర్చు. అమ్మ రాత్రిపూట ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగుతోంది, నాకు అంతకన్నా ఏం కావాలి.

రంగు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. డబ్బా మీద 6500 కె అని ఉంటే తెల్లటి వెలుగు, 2700 లేదా 3000 కె అంటే పసుపు వెలుగు. బయటికి పసుపుదే తీసుకోండి. పురుగులు నీలం పాలు ఎక్కువున్న తెల్లటి వెలుగుకే ఎక్కువగా వస్తాయి. తొలకరి పడ్డాక ఉసుళ్లు లేచే రోజుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. పసుపు లైటుకి అసలు రావని కాదు, అన్నం కంచంలో మాత్రం పడవు. అవి మరీ ఎక్కువైన రాత్రి వరండా లైటు ఆర్పేసి గేటు దగ్గరిది వేస్తాం, చాలావరకు అటు పోతాయి. ప్రతి చోటుకీ వేరే స్విచ్ ఉండబట్టే ఇది కుదిరింది. అన్నీ ఒకే స్విచ్ మీద వేస్తామంటే ఒప్పుకోకండి.

ఇక ఉప్పుగాలి. ఐపీ 65 రాసి ఉన్నవే కొన్నాం. ఆ 6 దుమ్ము లోపలికి పోదని, 5 ఏ వైపు నుంచి నీళ్లు చిమ్మినా ఆగుతాయని. వాన విషయంలో ఆ మాట నిలబెట్టుకున్నాయి. తుప్పు సంగతి ఆ అంకెల్లో ఉండదు. రంగు వేసిన ఇనుప ఒళ్లున్నవి మూలల్లో పొంగి, పొరలు లేచి పాడయ్యాయి. అల్యూమినియం వాటి మీద తెల్లటి పొడి పేరుకుంది కానీ పనిచేస్తున్నాయి. మందపాటి ప్లాస్టిక్‌వి ఎండకి పసుపు తిరిగి వెలుగు తగ్గాయి, తుప్పు గొడవ మాత్రం లేదు. స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకుంటే 316 గ్రేడా అని అడగండి. మామూలు 304 సముద్రపు గాలికి మచ్చలు పడుతుంది. లైటు మంచిదైనా మేకులు, స్క్రూలు ఇనుపవైతే ముందు అవే పోతాయి. వైరు ఎప్పుడూ కింది వైపు నుంచి లోపలికి వెళ్లాలి, పైనుంచి వస్తే నీళ్లు దాని వెంటే దిగుతాయి. బయటి లైన్‌కి కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ తప్పనిసరి. తడి నేల మీద చెప్పుల్లేకుండా తిరిగే ఇళ్లు మనవి.

సోలార్ లైట్లు తోట అంచున పెట్టాం. ఎండాకాలం బాగుంటాయి, ముసురు పట్టిన రోజుల్లో రెండు మూడు గంటలకే కొడిగడతాయి. పలక మీద ఉప్పు, దుమ్ము తరచూ తుడవాలి. బ్యాటరీ మార్చడానికి వీలున్నవే కొనాలి, అతికించేసినవి పారేయడమే దిక్కు. నమ్మకం కావలసిన చోట, అంటే మెట్లు, నూతి దగ్గర నేనైతే సోలార్ పెట్టను.

పెరటి సెన్సార్ లైటు ఒంటి వేడి కదలికని పసిగట్టి వెలుగుతుంది. మే నెల ఉక్క రాత్రుల్లో గాలి వేడి, ఒంటి వేడి దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి బాగా దగ్గరికి వెళ్లేదాకా వెలగదు. ఎదురుగా వచ్చేవాళ్ల కన్నా అడ్డంగా నడిచేవాళ్లని బాగా పట్టుకుంటుంది. అందుకని దాన్ని దారికి పక్కగా బిగించాలి.

ఖర్చు భయపెట్టేది కాదు. 5 వాట్లవి ఐదు, రోజుకి ఐదు గంటలు వెలిగితే యూనిట్ కాలడానికి ఎనిమిది రోజులు పడుతుంది. ఇన్వర్టర్ మీద కూడా బరువు కాదు.

మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఇసుకలోంచి బయటికొచ్చిన పిల్లలు వెలుగెక్కువున్న వైపుకే పాకుతాయి. గట్టు మీది ఇళ్ల లైట్లు సముద్రం కన్నా ఎక్కువ వెలిగితే దారి తప్పి చచ్చిపోతాయి. మా తోటవైపు లైట్లకి సముద్రం వైపు రేకు అడ్డం పెట్టించాను. జనవరి నుంచి వేసవి దాకా అటువైపువి పూర్తిగా ఆర్పేస్తాం. ఒడ్డునున్న ప్రతి ఇల్లూ ఇది చెయ్యాలని నా మనవి.

తుఫాను హెచ్చరిక వస్తే నేలలో గుచ్చిన సోలార్ లైట్లని ముందు పీకి ఇంట్లో పెట్టండి. గాలికి లేస్తే అవే మనుషులకి తగులుతాయి. కరెంటు పోయిన రాత్రి లోపల అవే పనికొస్తాయి. బయటి లైన్ బ్రేకర్ కూడా అప్పుడే దించేసి, గోడలు, బోర్డులు ఆరాక పైకెత్తండి.