పడక్కుర్చీ: 11 ఏళ్ళు వాడాక

టేకు చట్రం, కాన్వాస్ గుడ్డ, వాలు మార్చుకోవడానికి వెనక మూడు గంట్లు, చేతులు చాపుకోవడానికి వెడల్పాటి పలకలు. పాత ఇళ్ళ వరండాల్లో తాతగార్లు పేపర్ చదువుతూ కునుకు తీసిన కుర్చీయే ఇది, వేరే హంగులేమీ లేవు. 11 ఏళ్ళలో చట్రానికి రెండు బోల్టులు మార్చాల్సి వచ్చింది, అంతే. గుడ్డ మాత్రం ఇప్పుడున్నది నాలుగోది. అందుకే కింద రాసిందాంట్లో సగం గుడ్డ గురించే.

ముందు తీర్పు చెప్పేస్తాను. సాయంత్రం పనులయ్యాక అరగంట ఒళ్ళు వాల్చడానికి ఇంట్లో దీన్ని మించిన సామాను లేదు. సోఫాలో కూలబడితే నడుం ఒక చోట, మెడ ఒక చోట బరువు మోస్తాయి. దీంట్లో భుజాల నుంచి తొడల దాకా బరువంతా గుడ్డ మీద పరుచుకుంటుంది. ఎండాకాలం ఇంకా సుఖం, ఎందుకంటే వీపు కింద దూది, స్పాంజి ఏమీ ఉండవు, గాలి అటూ ఇటూ ఆడుతుంది. టేబుల్ ఫ్యాన్‌ను నేల మీద, కుర్చీ వెనక పెట్టి చూడండి, సీలింగ్ ఫ్యాన్ కన్నా మేలనిపిస్తుంది. పుస్తకానికి, పాటలకు, కునుక్కు సరే. ల్యాప్‌టాప్ పనికి మాత్రం పనికిరాదు, మెడ ముందుకు వంచాల్సిందే. రాత్రంతా నిద్రకూ వద్దు. గుడ్డ నడుమును గుండ్రంగా వంచుతుంది. అరగంట వరకూ హాయి, గంటన్నర దాటితే లేచేటప్పుడు నడుం పట్టేస్తుంది. నడుం నొప్పి ఉన్నవాళ్ళు నిటారుగా ఉండే మొదటి గంటులోనే ఆపి, నడుం వెనక తువ్వాలు చుట్టి పెట్టుకోవాలి.

ఇక గుడ్డ. బిగుతుగా కట్టిస్తే ఎక్కువ కాలం మన్నుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది తలకిందులు. బట్టల తీగను లాగి బిగించి తడి దుప్పటి ఆరేస్తే తీగ తెగుతుంది, కాస్త వదులుంటే తెగదు. ఇక్కడా అదే లెక్క. గుడ్డ ఎంత బిగువుగా ఉంటే మనిషి బరువుకు కుట్ల మీద లాగుడు అంత పెరుగుతుంది. కుర్చీని నడిమి గంటులో నిలబెట్టి, పై అడ్డకర్ర నుంచి ముందు అడ్డకర్రకు తాడుతో తిన్నగా కొలవండి. అది 42 అంగుళాలనుకుందాం. గుడ్డ 46 ఉంటే నడిమధ్యలో సుమారు 8 అంగుళాల లోతు వస్తుంది. 48 ఉంటే లోతు దాదాపు 10కి పోతుంది. అంటే రెండంగుళాల పొరపాటుతో కుర్చీ స్వభావమే మారిపోతుంది. లోతు ఎక్కువైతే కింది అడ్డకర్ర వెన్ను చివర తగులుతుంది, పెద్దవాళ్ళకు లేవడమూ కష్టం. కొత్త కాన్వాస్ మొదటి నెలలో ఎలాగూ కాస్త సాగుతుంది కాబట్టి 46 వైపే మొగ్గండి. రెండు చివర్లా కర్ర దూర్చే మడతకు నాలుగేసి అంగుళాలు కలిపితే మొత్తం 54, అంటే సరిగ్గా గజంన్నర. కొనేటప్పుడు మాత్రం ఒకటిన్నర మీటరు కొని, నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి, ఆరాకే కత్తెర పెట్టాలి. నూలు కాన్వాస్ మొదటి తడుపుకు కుంచించుకుపోతుంది. కుట్టించాక ఉతికితే, కర్ర దూర్చడానికి మడత అడ్డకర్ర చీలికలోంచి అవతలికి రాదు, అంత శ్రమా వృథా.

పడుగు, అంటే నేతలో నిలువు పోగులు, కుర్చీ పొడవునా రావాలి. గుడ్డ ఆదా అవుతుందని అడ్డంగా కత్తిరించే దర్జీలుంటారు, పక్కనే ఉండి చూసుకోవడం మంచిది. జాకెట్లు కుట్టే మిషన్ మీద ఇది కుదరదు. 18 నంబరు సూది వేసినా మడతలున్న చోట కుట్టు తప్పుతుంది. బళ్ళ సీటు కవర్లు, టార్పాలిన్లు కుట్టేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. పాలిస్టర్ దారంతో, పావంగుళం ఎడంగా రెండు వరసల కుట్టు, మూలల్లో తిరగేసి కుట్టాలి. చిరుగు మొదలయ్యేది మూలనుంచే. కుట్టు మరీ దగ్గరదగ్గరగా వేస్తే అది బలం కాదు, తపాలా బిళ్ళల మధ్య చిల్లుల వరసే, అక్కడికే చిరుగుతుంది.

మొదటి రెండు గుడ్డలూ కూర్చునే చోట చిరగలేదు. ముందు అడ్డకర్ర చీలిక అంచు దగ్గర, గుడ్డ వంపు తిరిగే చోట, పోగులు ఒక్కొక్కటే కోసుకుపోయాయి. వడ్రంగి ఆ అంచును పదునుగా వదిలేయడమే కారణం. ఉప్పు కాగితం పెట్టి పెన్సిల్ మందాన గుండ్రంగా అరగదీశాక మూడో గుడ్డ రెట్టింపు కాలం వచ్చింది. కొత్త కుర్చీ ఇంటికి రాగానే చేయాల్సిన మొదటి పని ఇదే. రెండోది, ఆరు నెలలకొకసారి గుడ్డను తలకిందులు చేసి తొడగడం. నలిగిన చోటు వీపు మీదికి పోతుంది. తల ఆనే చోట చిన్న తువ్వాలు వేయండి. కొబ్బరి నూనె జిడ్డు పట్టిన గుడ్డకు చీమలు పడతాయి.

కూర్చునే పద్ధతిలో చాలామంది వదిలేసేది కాళ్ళ సంగతి. ముందు అడ్డకర్ర మోకాళ్ళ వెనక నొక్కుకుని, పది నిమిషాలకే పాదాలు తిమ్మిరెక్కుతాయి. కుర్చీ బాగాలేదని మూలన పడేసేది ఇక్కడే. మడమల కింద 10 నుంచి 12 అంగుళాల ఎత్తు పీట వేస్తే తొడలు కర్ర మీంచి లేస్తాయి, తిమ్మిరి పోతుంది. రోజంతా నిలబడే ఉద్యోగమైతే మూడో గంటులో, పీట మీద ఒక దిండు వేసి కాళ్ళు గుండె ఎత్తుకు తెచ్చుకోండి, చీలమండల వాపు తగ్గుతుంది. మెడ కింద మంచం మీది దిండు పెట్టొద్దు, గడ్డం ఛాతీకి తగులుతుంది. నాలుగు మడతల తువ్వాలు చాలు.

ప్రమాదాలు రెండు. గంటు మార్చేటప్పుడు కుర్చీలో మనిషి ఉండకూడదు, ఆసరా చట్రం జారితే వేళ్ళు నలిగిపోతాయి. పిల్లలున్న ఇంట్లో బోల్టు కీలు దగ్గర చెయ్యి పెట్టకుండా చూసుకోవాలి. ఇక కర్ర లాగేసి పెద్దవాళ్ళను కూలదోసే చిలిపి పని తెలుగిళ్ళలో తరతరాలుగా ఉన్నదే! నవ్వులాటే గానీ, వెన్ను చివరి ఎముక నేలకు తగిలితే నెలల తరబడి కూర్చోలేరు. కూర్చునే ముందు రెండు కర్రలూ ఒకసారి తడిమి చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. ఇనప ఊచ వాడితే తుప్పు మరక గుడ్డకు పడుతుంది, చెక్క కర్రే మేలు.

మిగతా రకాల గురించి రెండు ముక్కలు. ఇనప గొట్టాలతో, సాగే తాళ్ళతో ఆన్‌లైన్‌లో దొరికే మడత కుర్చీ కాళ్ళను దానంతటదే లేపుతుంది, పీట అక్కర్లేదు. ఎండ తగిలే బాల్కనీలో మాత్రం ఆ తాళ్ళు సాగి చచ్చుపడతాయి. సముద్రం దగ్గరి ఊళ్ళలో గొట్టాల అతుకులకు తుప్పు పడుతుంది. పేము అల్లిన బంగళా కుర్చీ అందానికి సాటి లేదు గానీ, పొడి వాతావరణంలో పేము ఎండి విరుగుతుంది. అప్పుడప్పుడు అడుగువైపు తడిగుడ్డతో తుడుస్తుండాలి.

చెక్కకు ఏడాదికోసారి అవిసె నూనె పట్టిస్తే చాలు. తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి, ఉండలో నిప్పు రాజుకునే అవకాశం ఉంది. నీళ్ళలో తడిపి, విప్పి ఆరుబయట ఆరేయాలి. బోల్టులు మరీ బిగించకండి, కీలు తిరగాలి. నట్టు వదులైతే వాషరు మార్చండి.

వానాకాలం గుడ్డ విప్పి, ఉతికి, బాగా ఎండాకే మడత పెట్టాలి. తేమ ఉంటే నల్ల చుక్కల బూజు పడుతుంది, అది ఒక పట్టాన పోదు. చట్రాన్ని గోడకు ఆనించకుండా, చెద ఎక్కని ఎత్తున ఉంచండి. విప్పిన రెండు కర్రలనూ చట్రానికే నాడాతో కట్టేయండి, వేసవి రాగానే ఇల్లంతా వెతికేది వాటికోసమే.