లైప్‌జిగ్ ‘రుండె ఎకె’ మ్యూజియం: ఒక తపాలా ఉద్యోగి చూసిన ఉత్తరాల గది

ముప్ఫై ఒక్క ఏళ్లు తపాలా శాఖలో సార్టింగ్ చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి జర్మనీలోని లైప్‌జిగ్‌లో చదువుతోంది. చూడ్డానికి వెళ్తే, “నాన్నా, నువ్వు తప్పకుండా చూడాల్సిన చోటు ఒకటుంది” అని ఈ మ్యూజియానికి తీసుకెళ్లింది. ‘రుండె ఎకె’ అంటే గుండ్రటి మూల. వీధి మలుపులో భవనం వంపు తిరిగి ఉంటుంది. ఒకప్పటి తూర్పు జర్మనీ రహస్య పోలీసులైన స్టాసీకి ఈ ప్రాంతపు ఆఫీసు ఇదే.

గదుల్ని పెద్దగా మార్చలేదు. నేల మీద ఆనాటి లినోలియమే. ఒక చోట మూత బిగించిన గాజు సీసాలో గుడ్డముక్క ఉంది. అనుమానం ఉన్న మనిషి ఒంటి వాసనని అలా పట్టి దాచేవారట, తర్వాత కుక్కలకి చూపించడానికి.

కానీ నేను కదల్లేక నిలబడిపోయింది ఉత్తరాలు విప్పే యంత్రాల ముందు. వేడి ఆవిరికి కవరు జిగురు మెత్తబడుతుంది. చిరక్కుండా విప్పి, చదివి, కావాలంటే ఫోటో తీసి, మళ్లీ అంటించి బట్వాడాకి పంపేసేవారు. పశ్చిమ జర్మనీ నుంచి చుట్టాలు కవర్లో పెట్టిన డబ్బు తీసేసుకునేవారు. పేరు లేకుండా రాసినవాళ్లని పట్టుకోవడానికి చేతిరాత నమూనాలు దాచేవారు. మా ఆఫీసులో కవరు అంచు కాస్త చిరిగి వచ్చినా, ‘చిరిగిన స్థితిలో అందింది’ అని రాసి సంతకం పెట్టేవాళ్లం. ఇక్కడ అదే సార్టింగ్ బల్లల వెనక ఈ పని రోజూ జరిగింది. నా కడుపు రగిలిపోయింది.

అన్ని ఉత్తరాలూ విప్పక్కర్లేదు. విప్పుతారేమోనన్న టెన్షన్ ఉంటే చాలు, రాసేవాడు అసలు మాట రాయకుండానే మింగేస్తాడు. 1989 నాటికి స్టాసీలో జీతం తీసుకునేవాళ్లే సుమారు 91,000 మంది. ఇన్ఫార్మర్లు దాదాపు 1,89,000. దేశ జనాభా కోటీ అరవై లక్షలు. ఆ ఇన్ఫార్మర్లలో పక్కింటివాళ్లున్నారు, తోటి ఉద్యోగులున్నారు, కట్టుకున్న భర్తలు కూడా ఉన్నారు. 1976లో వచ్చిన ఒక ఆదేశం ప్రకారం మనిషిని జైల్లో పెట్టకుండానే పుకార్లు పుట్టించి, ఉద్యోగం చెడగొట్టి, స్నేహితుల్ని దూరం చేసి లోపల్నించి కుళ్లబెట్టేవారు.

అలా భయపెట్టిన ఊరే ఎలా లేచిందో తెలియాలంటే ముందు నికోలాయ్ చర్చికి వెళ్లండి, అక్కణ్నించి ఇక్కడికి నడిచి రండి. 1982 నుంచి ఆ చర్చిలో సోమవారం సోమవారం శాంతి ప్రార్థన జరిగేది. ఇన్ఫార్మర్లు వచ్చి కూర్చునేవారు, అయినా జనం మానలేదు. 1989 అక్టోబర్ 9న కాల్పులు జరుగుతాయన్న భయంతోనే దాదాపు 70,000 మంది ‘మేమే ప్రజలం’, ‘హింస వద్దు’ అంటూ రింగు రోడ్డు మీద, ఈ భవనం ముందు నుంచే నడిచారు. దీని మెట్ల మీద కొవ్వొత్తులు పెట్టారు. డిసెంబర్ 4న జనం లోపలికి వచ్చి, స్టాసీ వాళ్లు ఫైళ్లు నాశనం చేస్తుంటే ఆపారు. కాగితాల్ని ముద్ద చేసే యంత్రం ఇప్పటికీ ఇక్కడుంది. ఈ మ్యూజియం నడుపుతున్నది కూడా ఆనాటి పౌరుల కమిటీయే. ఆ ఫైళ్లు మిగిలాయి కాబట్టే 1992 నుంచి ఎవరి ఫైలు వాళ్లు చదువుకోగలిగారు.

రాతలన్నీ దాదాపు జర్మన్‌లోనే. ఆడియో గైడ్ తప్పకుండా తీసుకోండి. కనీసం రెండు గంటలు పెట్టుకోండి. నాకైతే మూడు పట్టాయి, అందులో గంట ఆ యంత్రాల దగ్గరే. కుదిరితే సోమవారం వెళ్లండి. సాయంత్రం ఐదింటికి నికోలాయ్ చర్చిలో ఆ ప్రార్థన ఇప్పటికీ జరుగుతోంది. మేం వెనక బల్ల మీద కూర్చున్నాం. భాష నాకు ఒక్క ముక్క రాదు. అయినా అయిపోయేదాకా లేవలేదు.