యార్క్‌లో మూడంతస్తుల మెట్లు, ఎల్వింగ్టన్‌లో ఒక హాలిఫాక్స్

ఇంగ్లండ్‌లోని యార్క్‌లో రెండు రాత్రులకు 184 పౌండ్లు పుచ్చుకున్న విడిది సంగతి ముందు చెప్పి కోపం దించుకుంటాను. కింది అంతస్తులో గది ఇస్తామని ఒప్పుకుని, తీరా వెళ్ళాక మూడో అంతస్తు తాళం చేతిలో పెట్టారు. లిఫ్టు లేదు. నాన్నగారికి 74 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగాయి. ఇరుకు మెట్ల మీద ఆయన ఆగి ఆగి ఎక్కుతుంటే వెనకాల సంచులతో నేను, నా వెనకాల ముఖం మాడ్చుకుని మా ఆవిడ. ఉదయం ఫలహారం అద్దెలోనే అన్నారు. తీరా చూస్తే రెండు బ్రెడ్డు ముక్కలు, చల్లారిన చిక్కుడు గింజలు. గుడ్డు కావాలంటే మనిషికి 4 పౌండ్లట. ఇదేమిటని అడిగితే, నిబంధనలు చదవలేదా అంది యజమానురాలు. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు గది ఏ అంతస్తులో ఉందో ముందురోజు ఫోను చేసి మళ్ళీ అడగండి.

మొదటి రోజు పెద్ద చర్చి, కోటగోడ, పాత వీధులు చూశాం. బాగున్నాయి.

రెండో రోజు మెట్లున్న చోటికి రానని నాన్నగారు భీష్మించారు. అందుకని పొలాల మధ్య ఉన్న ఎల్వింగ్టన్ విమాన మ్యూజియానికి తీసుకెళ్ళాను. బస్సులు తక్కువ, టాక్సీకి 24 పౌండ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో అది బ్రిటిష్ వైమానిక దళ స్థావరం. 1944 నుంచి అక్కడున్నది మాత్రం ఫ్రెంచివాళ్ళు: 346 ‘గుయెన్’, 347 ‘ట్యునీసి’ అనే రెండు స్క్వాడ్రన్లు, అంటే విమాన దళాలు. ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చి, నాలుగింజన్ల హాలిఫాక్స్ బాంబర్లు నడిపారు. విమానానికి ఏడుగురు. బ్రిటిష్ పద్ధతిలో పైలటే నాయకుడు. వీళ్ళలో దారి లెక్కలు చూసే నావిగేటరు కూడా నాయకుడు కావచ్చు. ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో మిత్రసేనలు దిగే ముందు రాత్రి, జూన్ 5న, 346 వాళ్ళు బాంబులు వేసింది అక్కడి మేజీలో ఉన్న జర్మన్ ఫిరంగుల మీద, అంటే సొంత దేశపు తీరం మీదే.

అక్కడ నిలబెట్టిన హాలిఫాక్స్ కథ నాన్నగారిని పట్టేసింది. దాని నడుం భాగం స్కాట్లాండ్ పక్కన లూయిస్ దీవిలో కోళ్ళగూడుగా పడి ఉండేదట. రెక్కలు హేస్టింగ్స్ అనే మరో రకం విమానానివి. అన్నీ అతికి, ఏళ్ళ తరబడి కష్టపడి, 1996 సెప్టెంబరు 13, శుక్రవారం నాడు బయటికి తెచ్చారు. పేరు కూడా ‘ఫ్రైడే ది థర్టీన్త్’. ఆ పేరున్న అసలు విమానం 128 దాడులు చేసి బతికి బయటపడింది, యుద్ధం ముగిశాక దాన్ని తుక్కు కింద కొట్టేశారు. “కోళ్ళగూడు మిగిలింది, అది మిగల్లేదు” అన్నారు నాన్నగారు.

ఆయన ముప్పై ఏళ్ళు ట్రెజరీలో లెక్కలు చూసిన మనిషి. 1944 నవంబరు 4 రాత్రి జర్మనీలోని బోకుమ్ నగరం మీదికి 346 స్క్వాడ్రన్ పంపిన 16 హాలిఫాక్సులలో ఐదింటిని కోల్పోయిందని నేను చెప్పగానే, వేళ్ళ మీద ఏడైదులు ముప్పై ఐదు అని లెక్క కట్టి, “మర్నాడు భోజనాల దగ్గర ఎలా కూర్చున్నారో” అన్నారు. ఆ 35 మందిలో ప్రాణాలతో దిగినవారూ ఉన్నారని చెప్పినా వినిపించుకోలేదు.

1945 మార్చి 3 రాత్రి సంగతి ఇంకా ఘోరం. దాడి ముగించుకుని ఇల్లు చేరే బాంబర్ల వెంట జర్మన్ యుద్ధవిమానాలు ఇంగ్లండ్ దాకా వచ్చి, దిగే వేళ కాల్చాయి. వాటిలో యుంకర్స్ 88 రకం విమానమొకటి ఫ్రెంచి హాలిఫాక్స్‌ను వెంటాడుతూ పక్కనున్న సటన్ అపాన్ డర్వెంట్‌లో ఒక రైతు ఇంటి మీద కూలింది. ఆ యుద్ధంలో బ్రిటన్ నేల మీద కూలిన చివరి జర్మన్ విమానం అదే. మా ఆవిడ అప్పటిదాకా దుకాణంలో ఉంది. ఇది విని, మ్యూజియానికి గంట చాలన్న మాట తానే వెనక్కి తీసుకుంది. నన్నడిగితే పూట పూర్తిగా పెట్టుకోవాలి. గాలి విసురుతుంది, మందపాటి కోటు తప్పనిసరి. తిరుగు టాక్సీ వెళ్ళేటప్పుడే మాట్లాడుకోండి; మేము మాట్లాడుకోక 50 నిమిషాలు చలిలో నిలబడ్డాం. దారిలో ఊళ్ళో ఆ ఫ్రెంచివాళ్ళ స్మారకం దగ్గర ఆపించాం. మీటరు తిరుగుతూనే ఉంది. నాన్నగారు తిరగనిమ్మన్నారు.

ఆ రాత్రి మూడంతస్తులూ ఆయన నోరెత్తకుండా ఎక్కారు. మర్నాడు మాత్రం బిల్లులో గుడ్లకు 12 పౌండ్లు కనిపించేసరికి కళ్ళజోడు పెట్టుకుని, ఆ నిబంధనల కాగితం తెమ్మన్నారు. మొదటి నుంచి చివరిదాకా చదివారు. గుడ్ల ప్రసక్తే లేదు. 12 పౌండ్లూ కొట్టేయించాకే సంచి తీశారు.