తిరుపతి భోజనశాల గోడ మీద కాళహస్తి కలం

తిరుపతిలో ఏ హోటల్‌లో అడుగుపెట్టినా గల్లాపెట్టె వెనుక శ్రీనివాసుడి పటం ఉంటుంది. పటానికి పూలదండ, ముందు చిన్న దీపం. అది పూజ కనుక దాని గురించి నేనేమీ అనను. నేను చెప్పదలచుకున్నది మిగిలిన మూడు గోడల సంగతి. ఒకవైపు శ్రీకాళహస్తిలో కలం పట్టే చేతులు, ఇంకోవైపు మాధవమాలలో ఉలి పట్టే చేతులు, ఊళ్లోనే శిల్పం నేర్పే సంస్థ. ఇన్ని ఉన్న చోట భోజనశాలల గోడల మీద ఎక్కడివో మంచుకొండల పోస్టర్లు, యంత్రం అచ్చు వేసిన పూల బొమ్మలు చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఈసారి యాత్రలో ఆ బాధ తీర్చిన భోజనశాల ఒకటి దొరికింది. ఈ రాత ముఖ్యంగా దాని గురించే. దర్శనం ఏర్పాట్ల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు కనుక కొండ సంగతి ఇక్కడ రాయడం లేదు.

ముందు బస సంగతి చెప్పేస్తాను. నేను, మావారు, మా అత్తయ్య వెళ్లాం. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. అందుకని రైల్వే స్టేషన్‌కు నడిచివెళ్లే దూరంలో, లిఫ్టు ఉన్న లాడ్జి చూసుకున్నాం. గది శుభ్రంగా ఉంది. దుప్పట్లు ఉతికినవే వేశారు. వేడినీళ్లు పొద్దున మాత్రమే వస్తాయి. తెల్లవారుజామున వచ్చే యాత్రికుల సందడికి మాత్రం నిద్ర పట్టదు కనుక రోడ్డు వైపు గది తీసుకోకండి. మంచం పైన గోడకు చట్రంలో కలంకారీ తరహా రామపట్టాభిషేకం ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే రంగంతా సన్నని చుక్కలుగా విడిపోయింది. కాగితం మీద యంత్రం అచ్చు అది. ఎవరి బొమ్మ చూసి అచ్చు వేశారో ఎక్కడా లేదు. కింద కౌంటర్‌లో అడిగితే, "అన్ని గదుల్లోనూ అదే ఉంటుందమ్మా, ఒకేసారి తెప్పించారు" అన్నాడు అక్కడి అబ్బాయి. శ్రీకాళహస్తి అక్కడికి నలభై కిలోమీటర్లు కూడా లేదు.

ఇక భోజనశాల. తిరుచానూరు వైపు వెళ్లే దారిలో, పెద్ద రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంది. శాకాహారం, మాంసాహారం రెండూ దొరుకుతాయి. వంటిళ్లు వేరు, కూర్చునే హాళ్లు కూడా వేరు. మావారు రాగి సంగటి, నాటుకోడి పులుసు తీసుకున్నారు. నేనూ అత్తయ్యా సంగటిలోకి గోంగూర పప్పు, వేరుశనగ పచ్చడి తీసుకున్నాం. సంగటి వేడివేడిగా, ఉండ కట్టకుండా వచ్చింది. పచ్చడిలో కారం మా కోస్తా నాలుకకు కూడా గట్టిగానే తగిలింది. వడ్డించేవారు అడగకుండానే నెయ్యి తెచ్చారు. రద్దీ వేళ చేతులు కడుక్కునే దగ్గర వరుస కట్టాల్సివచ్చింది, అదొక్కటే లోపం.

పొడవాటి గోడ మీద మనిషి నిలువును మించిన కలంకారీ గుడ్డ వేలాడుతోంది. ఒకే చెట్టు. ప్రతి కొమ్మ మీదా రకరకాల పక్షులు, మొదట్లో రెండు జింకలు, ఆకు ఆకుకీ వేరు గీత. దాని పక్కన చిన్నవి కొన్ని ఉన్నాయి: నెమళ్ల జంట, చెరువు గట్టున బండి, నదిలో గుడ్డలు జాడిస్తున్న ఆడవాళ్లు. ఆ చివరిదాని ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. కలంకారీ పనిలో గుడ్డను మళ్లీ మళ్లీ పారే నీటిలో ఉతకాలి. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి నది ఒడ్డున ఆ కళ పెరగడానికి అదీ ఒక కారణం. తన వృత్తిలోని ఆ ఘట్టాన్నే ఆ చిత్రకారిణి బొమ్మగా వేసింది. ఎదురు గోడ మీద మాధవమాల నుంచి తెచ్చిన చెక్క పలకలు ఉన్నాయి. వాటి మీద లతలు, ఏనుగుల వరుసలు చెక్కారు. ద్వారం దగ్గర ఒక విద్యార్థి నీటిరంగుల్లో వేసిన గోవిందరాజస్వామి గుడి వీధి ఉంది.

ప్రతిదాని పక్కనా చిన్న చీటీ అంటించారు. వేసినవారి పేరు, ఊరు, పట్టిన సమయం, ధర, వారి ఫోను నంబరు రాశారు. తెలుగు పైన, దాని కింద తమిళం, ఆ కింద ఇంగ్లీషు. తమిళ యాత్రికులు ఎంతమంది వస్తారో తెలిసిన ఊరు కనుక అలా రాయడం నాకు నచ్చింది. అన్నిటికన్నా ఆ ఫోను నంబరు చాలా పెద్ద విషయం. కొనదలచినవారు యజమానిని దాటి నేరుగా కళాకారుడితో మాట్లాడవచ్చు. నంబరు దాచిపెట్టి తన ద్వారానే అమ్మకం జరగాలని పట్టుబట్టే అవకాశం ఉండి కూడా ఈ యజమాని ఆ పని చేయలేదు.

వేలాడదీసిన పద్ధతిలోనూ శ్రద్ధ ఉంది. పెద్ద గుడ్డకు పైనా కిందా చెక్క బద్దలు వేసి, గోడకు ఆనకుండా కాస్త ఎడంగా కట్టారు. కుర్చీల వీపులు, మనుషుల భుజాలు తగలని ఎత్తులో ఉంది. వంటింటి తలుపుకు దూరంగా, కిటికీ ఎండ పడని గోడ చూసుకున్నారు. కలంకారీలో సహజ రంగులు వాడతారు కనుక నేరుగా ఎండ తగిలితే వెలుస్తాయి. పోపు పొగలోని జిడ్డు నూలు గుడ్డకు పడితే వదిలించడం మహా కష్టం. చిన్నవాటికి అద్దం వేశారు, అయితే గుడ్డకు అద్దం తగలకుండా మధ్య ఖాళీ వదిలారు.

యజమానికి ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి. మేము లేవకుండా గోడలనే చూస్తుంటే తనే వచ్చి పలకరించాడు. దేవుడి బొమ్మలు ఒక్కటీ లేవేమని అత్తయ్య అడిగింది.

"మొదట్లో దశావతారాలు పెట్టామమ్మా. కింద బల్ల మీద కోడి ఎముకలు, పైన స్వామి. ఒక పెద్దాయన తినకుండానే లేచి వెళ్లిపోయారు. ఆయన ఏమీ అనలేదు. నాకే మనసొప్పలేదు. వేసినాయన దగ్గరికి వెళ్లి, చెట్లు, పక్షులు, పల్లె పనులు వేసి ఇమ్మని అడిగాను."

"కాళహస్తి ఈశ్వరుడికి తిన్నడు మాంసమే కదయ్యా పెట్టింది" అంది అత్తయ్య.

"అది తిన్నడి భక్తికి చెల్లింది, నా వ్యాపారానికి చెల్లదమ్మా" అన్నాడతను. అత్తయ్యకు ఆ మాట ఎంతో నచ్చింది.

నాకూ సబబే అనిపించింది. అయితే దీనివల్ల పోయేది కూడా ఒకటుంది. శ్రీకాళహస్తి కలంకారీ గుడి తెరల నుంచి వచ్చిన కళ. మధ్యలో పెద్ద ఘట్టం, చుట్టూ వరుసలుగా కథ, ప్రతి వరుస కిందా తెలుగు పద్యాలో మాటలో రాసి ఉండే పొడవాటి రామాయణ భారత గుడ్డలు దాని అసలు బలం. చెట్లూ పక్షులే అడుగుతూ పోతే కథ చెప్పే చెయ్యి కథ మరిచిపోతుంది. అందుకే శాకాహార హాలులో ఒక గోడను రామాయణానికి ఇవ్వమని అతనితో అన్నాను. ఆ హాలులో చేతులు కడిగే చోటు ఎదురుగా ఉన్న గోడ తప్ప ఖాళీ లేదని, బల్లలు జరిపి చూస్తానని అన్నాడు.

దేవుడి కథలకు ఇంకా మంచి చోటు గోవిందరాజస్వామి గుడి దగ్గరి పాత మెస్సులు. మేము ఒకదానిలో పొద్దున ఇడ్లీ, పొంగలి తిన్నాం. పొంగలిలో మిరియం, జీడిపప్పు సరిపాళ్లలో పడ్డాయి. కాఫీ మరీ బాగుంది. గోడలకు మాత్రం పెయింటు కంపెనీ క్యాలెండరు, ధరల పట్టిక. జనం పది నిమిషాల్లో తిని లేచిపోయే చోట బొమ్మలు ఎవరు చూస్తారని అనవచ్చు. వరుసలో నిలబడినంతసేపూ కళ్లు గోడ మీదే ఉంటాయి కదా.

కొత్తగా కట్టిన వీధుల్లో ఒక కాఫీ దుకాణానికి కూడా వెళ్లాం. కాఫీ ఖరీదు ఎక్కువ, కుర్చీలు మెత్తన. గోడ నిండా కలంకారీ బొమ్మలే, అన్నీ స్క్రీన్ ప్రింట్లు. ఒకే నెమలి అదే మెడ వంపుతో పదిచోట్ల ఉంది. చేత్తో గీస్తే ఏ రెండు గీతలూ ఒక్కలా రావు. అచ్చుపని తక్కువదని నా ఉద్దేశం కాదు. మచిలీపట్నం కలంకారీ చెక్క అచ్చులతో వేసేదే, దానికి దాని గౌరవం ఉంది. కాఫీ దుకాణంలో కాగితం మీద "చేతిపని" అని రాశారు. నా అభ్యంతరం ఆ మాటకు.

మర్నాడు భోజనశాల చీటీల మీది ఒక నంబరుకు ఫోను చేసి శ్రీకాళహస్తి వెళ్లాం. తిరుపతి బస్‌స్టాండు నుంచి బస్సులు విరివిగా ఉన్నాయి, గంట పట్టింది. రాహుకేతు పూజలకు వచ్చేవారితో గుడి దగ్గర రద్దీ ఉంటుంది కనుక ముందు దర్శనం ముగించుకుని తర్వాత కలంకారీ ఇళ్లకు వెళ్లడం మంచిది.

ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాం, కూతురు ముగ్గురూ పనివాళ్లే. కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో గుడ్డను తడిపి ఎండబెడతారు. పాల కొవ్వు వల్ల రంగు పాకదు. చింత పుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ గీసి, వెదురు కలంతో నల్ల గీత వేస్తారు. కలానికి చుట్టిన ఉన్ని రంగును పీల్చుకుని, వేలితో నొక్కిన కొద్దీ వదులుతుంది. ఆ నలుపు పేరు కసిమి. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వేసి కుండలో రోజుల తరబడి ఊరబెడితే వస్తుంది. కుండలో ఉన్నప్పుడు అది అంత నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు రాసి, తర్వాత ఎర్రరంగులో ఉడికిస్తారు. పటిక రాసిన చోటే ఎరుపు నిలుస్తుంది. ఇంత పని చూశాక భోజనశాలలో చీటీ మీది ధర ఎక్కువ అని నాకు ఎంతమాత్రం అనిపించలేదు.

ఒకప్పుడు దాదాపు ఆగిపోబోయిన పని ఇది. 1950లలో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ మొదలయ్యాక నిలదొక్కుకుంది. ఈ ఊరి జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

గోడల మీద ప్రదర్శన గురించి ఆ ఇంటి పెద్దాయనను అడిగాను. ఆయన మాటలు ఇవి: "సంతోషమే తల్లీ, నలుగురూ పేరు చదువుతారు. కానీ గోడ మీద ఉన్నన్నాళ్లూ అది నాకు డబ్బు కాదు. ఆ గుడ్డ, ఆ రంగు, ఆ నెలలు అన్నీ అక్కడ చిక్కుకుంటాయి." కొందరు హోటళ్లవాళ్లు "ఊరికే ఇవ్వండి, మీకు పేరు వస్తుంది" అంటారట. మూడు గుడ్డలు అలా ఇస్తే, ఏడాది తర్వాత నూనె మరకలతో తిరిగి వచ్చాయట. తిరుచానూరు దారిలోని యజమాని పద్ధతి వేరు. పెద్ద చెట్టు గుడ్డను తనే డబ్బిచ్చి కొన్నాడు. చిన్నవి మాత్రం అమ్మకానికి పెట్టాడు, అమ్మితే డబ్బంతా వేసినవారికే. మరక పడితే ధర తనే కడతానని ముందే మాట ఇచ్చాడు. మూడు నెలలకోసారి అమ్మనివి తిప్పి పంపి కొత్తవి తెస్తాడు. ఇంకొక్క మెట్టు ఎక్కి చిన్నవాటికి కూడా సగం ధర ముందే ఇస్తే బాగుంటుందని నేను అనుకుంటున్నాను. గోడ నిండినందుకు లాభం భోజనశాలకు మొదటి రోజు నుంచే వస్తుంది కదా, ఆ రోజునే కొంతైనా కళాకారుడి చేతికి చేరాలి.

బొమ్మల మీద ఆసక్తి ఉన్నవారు తిరుపతిలో ఇంకో పూట ఉంచుకోండి. టీటీడీ నడిపే శ్రీ వేంకటేశ్వర సంప్రదాయ శిల్పకళాశాలలో రాతి శిల్పం, చెక్క పని, లోహ విగ్రహాలు, చిత్రలేఖనం నేర్పుతారు. చంద్రగిరి కోటలో రాజమహల్ మ్యూజియం చూడదగినది, శుక్రవారం సెలవు. ఏర్పేడు దగ్గరి మాధవమాలకు ఆటో కన్నా కారు మాట్లాడుకోవడం నయం, తిరుగు ప్రయాణంలో ఆటోలు దొరకడం కష్టం. ఎర్రచందనం బొమ్మ కొంటే రసీదు తప్పకుండా తీసుకోండి.

స్వర్ణముఖిలో గుడ్డలు జాడించే బొమ్మ అప్పటికే వేరేవారు కొనుక్కున్నారు. దాన్ని వేసిన అమ్మాయితోనే మాట్లాడి అలాంటిదే ఇంకొకటి చెప్పాం. సగం డబ్బు ముందు ఇచ్చాం, మిగిలింది అందాక పంపాం. గుడ్డను మడవకుండా అట్ట గొట్టానికి చుట్టి పంపారు, కొరియర్ ఖర్చు వేరు. మీరూ చెప్పదలిస్తే ఎండాకాలంలో చెప్పండి. వానల్లో గుడ్డ ఆరదు కనుక పని ఆలస్యమవుతుందని ఆమె ముందే చెబుతుంది.