అలీనా, టైసనా? చూపుడు పందెం కట్టి చూద్దాం

మా మావయ్య బాక్సర్ ముహమ్మద్ అలీని కళ్లారా చూసిన మనిషి. 1980 జనవరిలో అలీ మద్రాసు వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడినప్పుడు, తణుకులో పెళ్లికి వెళుతున్నానని ఇంట్లో చెప్పి రైలెక్కేశారు. అయినా అలీ, మైక్ టైసన్ ఇద్దరూ మంచి వయసులో తలపడితే ఎవరు గెలుస్తారని అడిగితే ఆయన ఓటు టైసన్‌కే. "నేను చూసేటప్పటికి అలీకి పొట్ట వచ్చేసింది రా. రెండడుగులు అటూ ఇటూ వేసి జనాన్ని నవ్వించాడు, అంతే" అంటారు. ఆ ఒక్క సాయంత్రం ఆయన కళ్లలోంచి ఇంకా పోలేదు. అలీ పోటీలన్నీ ఫోనులో చూసిన నేను మాత్రం అలీ పక్షం. రాజోలు దగ్గర కాలువ గట్టు మీద టీ కొట్టు బల్లపై ఏ ఆదివారం కూర్చున్నా ఈ తగువు లేస్తుంది.

ఈసారి తగువుకు ఒక పద్ధతి పెట్టుకున్నాం. చట్టం నిషేధించినా సంక్రాంతి మూడు రోజులూ మా డెల్టాలో ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. కోడిపందేల్లో పుంజులను ముందుగా చూపకుండా కట్టేది ముసుగు పందెం. ఎదురెదురుగా పెట్టి, ఎత్తూ బరువూ సరిచూసుకుని కట్టేది చూపుడు పందెం. పాత ఛాంపియన్ల మీద జనం చేసే వాదనలన్నీ ముసుగు పందేలే. అలీ అంటారు గానీ ఏ ఏడాది అలీయో చెప్పరు. టైసన్ అంటారు గానీ జైలుకు ముందా, తర్వాతా అన్నది తేల్చరు. అందుకని మేం ముసుగు తీసేశాం. నా తరఫున 1966 నవంబరు 14న హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను మూడో రౌండులో ముగించిన అలీ. మావయ్య తరఫున 1988 జూన్ 27న మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో పడగొట్టిన టైసన్. అలీకి అప్పుడు ఇరవై నాలుగేళ్లు. టైసన్‌కు ఇరవై రెండు నిండటానికి మూడు రోజులు తక్కువ.

రెండు పోటీల్లోనూ ఎదుటివాడిలో లోపం ఉంది, అది ముందే ఒప్పుకోవాలి. విలియమ్స్ అప్పటికే పోలీసు తూటా తగిలి ఒక మూత్రపిండం పోగొట్టుకున్న మనిషి. స్పింక్స్ అసలు కింది తరగతి నుంచి బరువు పెంచుకుని పైకి వచ్చినవాడు. కాబట్టి చూడాల్సింది ఆ రాత్రి వీళ్ల కాళ్లూ చేతులూ ఎలా కదిలాయన్నదే, ఎవరిని కొట్టారన్నది కాదు.

బరువులో పెద్ద తేడా లేదు. అలీ సుమారు 96 కిలోలు, టైసన్ సుమారు 99. తేడా అంతా పొడవులో ఉంది. అలీ ఆరడుగుల మూడంగుళాలు, టైసన్ అయిదడుగుల పదంగుళాలు. రెండు చేతులూ బార చాపితే వేలికొస నుంచి వేలికొసకు అలీది 78 అంగుళాలు, టైసన్‌ది 71. అంటే ఒక్కో చేతికి మూడున్నర అంగుళాలు. ఇంతేనా అనిపిస్తుంది గానీ, ముక్కుకు తగిలే గుద్దుకూ ముక్కు ముందు ఆగిపోయే గుద్దుకూ మధ్య ఉండే దూరం అదే.

కొలతలు విన్న మావయ్య టీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచారు. రెండు పిడికిళ్లూ చెంపలకు ఆనించి, మోచేతులు డొక్కలకు అదిమి, మోకాళ్లు వంచారు. కుడి మోకాలు టక్కుమంది. "ఇదిగో, తల ఇక్కడుందని జాబ్, అదే నేరుగా విసిరే గుద్దు, వేస్తావు. అది వచ్చేసరికి తల అక్కడ ఉండదు" అంటూ ఎడమకు ఊగి లోపలికి దూరి, ఎడమ చేత్తో పక్క నుంచి చుట్టి కొట్టిన హుక్‌ను నా పక్కటెముకల ముందు అంగుళం దూరంలో ఆపారు. తొలి గురువు కస్ డామాటో టైసన్‌కు నేర్పిన పద్ధతి అచ్చంగా ఇదే. పొట్టివాడు పొడుగువాడి చేతుల కిందుగా దూరితే, ఆ చేతుల పొడవు ఇక పొడుగువాడికే అడ్డం.

మావయ్య వాదనలో అసలు బలం ఆ ఎడమ హుక్‌లో ఉంది. అలీ కింద పడిన ప్రధాన సందర్భాలు చూడండి. 1962లో సోనీ బ్యాంక్స్, 1963లో లండన్‌లో హెన్రీ కూపర్, 1971 మార్చి 8న న్యూయార్క్‌లో పదిహేనో రౌండులో జో ఫ్రేజియర్. మూడుసార్లూ పడగొట్టింది ఎడమ హుక్కే. అలీ చేతులు నడుము దగ్గర వేలాడదీసి, గుద్దు వచ్చినప్పుడు తలను వెనక్కి లాగేవాడు. ఏ గురువూ నేర్పని అలవాటు అది. నేరుగా వచ్చే గుద్దుకు సరిపోతుంది, పక్క నుంచి చుట్టుకొచ్చే హుక్‌కు దొరికిపోతాడు. ఇక టైసన్ హుక్ ఎలాంటిదంటే, 1986లో అది తగిలిన ట్రెవర్ బెర్బిక్ లేవబోయి పడ్డాడు, మళ్లీ లేచి రింగుకు అటువైపు దాకా తూలిపోయి మళ్లీ పడ్డాడు. ఒక్క గుద్దుకు అన్ని పడటాలు.

ఇక్కడ మావయ్య ఒక తప్పు తూకం వేశారు. "బెర్బిక్ 1981లో అలీని ఓడించాడు, ఆ బెర్బిక్‌ను టైసన్ రెండు రౌండ్లలో చితక్కొట్టాడు. ఇంకేం కావాలి?" అన్నారు. లారీ హోమ్స్‌దీ అదే కథ. 1980లో అలీని ఓడించాడు, 1988లో టైసన్ చేతిలో నాలుగో రౌండులో పడ్డాడు. కానీ బెర్బిక్ ఓడించిన అలీకి నలభై ఏళ్లు రావడానికి నెల రోజులే తక్కువ. టైసన్ ఓడించిన హోమ్స్‌కు ముప్పై ఎనిమిది. శివారు చేలకు చేరిన నీళ్లు చూసి ధవళేశ్వరం దగ్గర గోదావరి లోతు చెప్పినట్టుంది ఈ లెక్క. ఈ మాటకు మావయ్య తల ఊపారు. ఆయనది శివారు పొలమే.

నా సాక్ష్యం టోక్యోది. 1990 ఫిబ్రవరి 11న అప్పటిదాకా ఓటమి ఎరగని టైసన్‌ను బస్టర్ డగ్లస్ పదో రౌండులో పడగొట్టాడు. డగ్లస్ ఎత్తు దాదాపు అలీ ఎత్తే, చేతుల పొడవు 83 అంగుళాలు. జాబ్, జాబ్, వెనకే కుడిచేయి. టైసన్ దూరలేకపోయాడు. "అప్పటికి వాడు డామాటో తర్వాతి గురువు కెవిన్ రూనీని వదిలేశాడు, సాధన మానేశాడు" అంటారు మావయ్య. నిజమే. అందుకే నేను టోక్యో మీద పూర్తిగా ఆధారపడను. 1987కి వెళ్తాను. రూనీ ఉన్నాడు, సాధన ఉంది, కోరలు పదునుగానే ఉన్నాయి. ఆ ఏడాది జేమ్స్ స్మిత్, టోనీ టక్కర్ అనే ఇద్దరు పొడగరులు టైసన్‌తో పన్నెండు రౌండ్లూ నిలబడ్డారు. గెలవలేదు, కానీ పడనూ లేదు. స్మిత్ అయితే టైసన్‌ను పట్టుకుని వేలాడుతూనే గడిపేశాడు. అలా పట్టుకోవడంలో అలీని మించినవాడు లేడు. 1974లో ఫ్రేజియర్‌తో రెండో పోటీలో మెడ వెనక చేయి వేసి వంచేసి, దగ్గరి పోరాటమే జరగనివ్వలేదు. పైగా దెబ్బ తిన్నా కూలే మనిషి కాదు. ఫోర్‌మన్ దెబ్బలు కాచుకుని ఎనిమిదో రౌండులో అతన్నే పడగొట్టాడు. 1977లో, కాళ్లు మందగించిన తర్వాత కూడా, ఎర్నీ షేవర్స్ గుద్దులు తిని పదిహేను రౌండ్లు నిలబడ్డాడు.

పదిహేను అనగానే అసలు చిక్కు వచ్చింది. అలీ కాలంలో టైటిల్ పోటీ పదిహేను రౌండ్లు. 1982లో దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ దెబ్బలకు చనిపోయాక, సంఘాలు ఒక్కొక్కటిగా పన్నెండుకు తగ్గించాయి. టైసన్ ఎరిగింది దాదాపుగా ఆ పన్నెండే. మా భాషలో చెప్పాలంటే టైసన్ కత్తి కట్టిన పుంజు, అలీ డింకీ పుంజు. కత్తి పందెం మొదటి రెండు మూడు ఎగుళ్లలో తేలిపోతుంది. కత్తి లేని డింకీలో ఊపిరి ఎవరికి మిగిలితే వారిదే బరి. కాబట్టి ఎవరు గెలుస్తారన్న ప్రశ్నకు ముందు, ఎవరి కాలపు నియమాలతో ఆడిస్తారన్నది తేల్చాలి. మెడ పట్టుకుంటే హెచ్చరించే రిఫరీయా, చూసీ చూడనట్టు వదిలేసే రిఫరీయా అన్నది కూడా.

ఇదంతా ఎందుకు, కంప్యూటర్‌ను అడిగితే పోదా అన్నాడు టీ కొట్టు కుర్రాడు. అదీ అయింది. 1967లో అమెరికాలో కంప్యూటర్ లెక్కలతో రేడియోలో ఊహా టోర్నమెంటు నడిపితే, ఎప్పటివాడో అయిన జిమ్ జెఫ్రీస్ చేతిలో అలీ ఓడిపోయాడు. అలీ ఊరుకోలేదు, పది లక్షల డాలర్లకు దావా వేశాడు. తర్వాత 1969లో అలీ, పాత ఛాంపియన్ రాకీ మార్సియానో ఇద్దరినీ రింగులో ఉత్తుత్తిగా కొట్టించి సినిమా తీశారు. మార్సియానో ఆ వయసులో ఒళ్లు తగ్గించుకుని, విగ్గు పెట్టుకుని వచ్చాడు. సినిమా విడుదల కాకముందే విమాన ప్రమాదంలో చనిపోయాడు. 1970 జనవరిలో అమెరికా ప్రేక్షకులకు మార్సియానో పదమూడో రౌండులో గెలిచినట్టు చూపించారు. ఐరోపాలో చూపించిన ప్రతిలో అలీ గెలిచాడు. ఫలానా వారం డేగ పుంజు గెలుస్తుంది, ఫలానా దిక్కున కాకి పుంజు గెలుస్తుందనే కుక్కుట శాస్త్రమే ఇంతకంటే నయం. అది ఊరిని బట్టి జవాబు మార్చదు.

మార్సియానోనే బరిలోకి దింపుదాం అంటారు కొందరు. 49 పోటీలు, 49 గెలుపులు. గొప్పే, కానీ బరువు 85 కిలోల చుట్టూ. ఇప్పటి లెక్కలో హెవీవెయిట్ కిందే రాడు, దాని కింది తరగతి అయిన క్రూజర్‌వెయిట్‌కు పోవాలి. 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్న జో లూయిస్ సైతం, 1938లో ష్మెలింగ్‌ను 124 సెకన్లలో ముగించిన రాత్రి, ఇప్పటి క్రూజర్‌వెయిట్ హద్దు లోపలే తూగాడు. తర్వాతి తరపు ఆరున్నర అడుగుల ఛాంపియన్ వ్లాదిమీర్ క్లిచ్‌కో ముందు వీళ్లను నిలబెట్టి గెలుపోటములు అడగడం న్యాయం కాదు. బరువు కలవని జతను మా వాళ్లు బరి దాకా కూడా రానివ్వరు.

నా తీర్పు చెప్పేస్తాను. 1966 అలీ, 1988 టైసన్, పదిహేను రౌండ్లు: అలీ గెలుస్తాడు, పన్నెండో రౌండు దాటాక పడగొట్టి. పన్నెండు రౌండ్లయినా అలీయే, కాకపోతే పాయింట్ల మీద, ఒకసారి కిందపడి లేచాక. మొదటి నాలుగు రౌండ్లకు విడిగా పందెం కడితే మాత్రం నా డబ్బు కూడా టైసన్ మీదే. మావయ్య ఆ నాలుగు రౌండ్ల మాట పట్టుకుని, సగం గెలిచినట్టే లెక్కేసుకుని, టీ డబ్బులు నా చేత ఇప్పించారు.

1971 మార్చి నాటి అలీ అయితే, అంటే మూడున్నరేళ్లు రింగుకు దూరమై వచ్చి ఫ్రేజియర్ చేతిలో ఓడిన అలీ అయితే, పదిహేనైనా పన్నెండైనా నేను టైసన్ మీదే కడతాను. ఈ సంగతి మావయ్యకు ఇంకా చెప్పలేదు.